సగం బరువు మోపు

మొన్న అనకాపల్లి ఆసుపత్రిలో నన్ను కదిలే పట్టా మీద నడిపించారు. ఎక్కించేముందు బరువు చూసి రాసుకున్నారు. ఊపిరి చూడ్డానికి బరువెందుకు బాబూ అని అడిగాను. "పెద్ద ఒంటికీ చిన్న ఒంటికీ ఒకే లెక్క కుదరదు మామ్మా, బరువుతో భాగించాలి. అయినా ఒంట్లో కొవ్వో నీరో చేరితే ఆ లెక్కా తప్పుతుంది" అన్నాడు పరీక్ష చేసే కుర్రాడు. నాకు అక్షరాలే ముసలితనంలో వచ్చాయి, భాగహారం ఇప్పటికీ రాదు. కానీ ఆ తప్పు మాత్రం నాకు బాగా తెలుసు. చోడవరంలో, బెల్లం గానుగ దగ్గర చెరకు మోసే రోజుల్లోనే చూశాను.

అది ఆంధ్ర రాష్ట్రం వచ్చిన కొత్త. నేను పెళ్ళికెదిగిన గుంటని, ఎండుపుల్లలా ఉండేదాన్ని. చెరకు నరికే కాలం రాగానే మోసే ఆడాళ్ళను ఏరడానికి మేస్త్రి ఒక పరీక్ష పెట్టేవాడు. మోపు నెత్తిన పెట్టుకుని తోట గట్టు నుంచి గానుగ దాకా పరిగెత్తాలి. మోపు దించకుండానే ఇంటిపేరూ, పేరూ, తండ్రి పేరూ, ఊరూ ఒక్క ఊపిరిలో చెప్పాలి. మధ్యలో రొప్పితే ఇంటికి పోవాలి. నెగ్గితే బెల్లం పొయ్యిలు ఆరేదాకా పని, రెండు పూటలా గంజి. అందరికీ ఒకే మోపు కాబట్టి బక్కవాళ్ళం ఏటా ఓడిపోయేవాళ్ళం. ఆ ఏడు కామందుకి మొరపెట్టుకున్నాం. ఆయన ధర్మాత్ముడు, ఎదుటివాడి కష్టాన్ని కూడా తూచి పంచే రకం. బెల్లం తూచే కాటాలో ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి, ఎవరి బరువులో సగం వాళ్ళకి మోపు కట్టమన్నాడు. న్యాయమంటే ఇదీ అని అందరం దండాలు పెట్టాం.

మా మేనత్త, మొగుడు పోయి చంటిపిల్లతో మా పంచన చేరిన మనిషి. ఆ గంజి మీదే ఆమె ఆశంతా. "ఈయేడు పని దొరక్కపోతే నీ దారి నువ్వు సూసుకో వదినా. నా పిల్లలకే సాలట్లేదు" అని మా అమ్మ ముందే మొహమ్మీద చెప్పేసింది. ఆ వానాకాలంలో అత్త ఒళ్ళు చేసింది. తిండికి గతిలేని మా పేటలో లావైన మనిషంటే అందరికీ కుళ్ళు. "ఏటే, సాటుగా ఏటి తింతన్నావే?" అని ఇరుగమ్మలు దెప్పేవారు. ఆమె పాదం మీద వేలితో నొక్కితే సొట్టపడి అలాగే ఉండిపోయేది. అందులో నూనె పోసి దీపం పెట్టుకోండని అత్తే నవ్వించేది. అది కండ కాదు, నీరు అని మాలో ఒక్కరికీ తట్టలేదు.

ఆమె కూర్చోగానే కాటా అవతలి తట్ట గాల్లోకి లేచింది. రాళ్ళ మీద రాళ్ళు వేశారు. "ఒసే, ఏనుగుపిల్లవి గదే!" అని మేస్త్రి పడీపడీ నవ్వాడు.

"కాస్త తగ్గించండి బాబూ, ఈమజ్జ ఆయాసమొస్తంది" అంది అత్త.

"నీకు తగ్గిస్తే ఈ బక్క గుంటకి అన్నేయం సేసినట్టు కాదేటే?" అని నన్ను చూపించాడు.

అందరికంటే పెద్ద మోపు ఆమెకి, అందరికంటే చిన్నది నాకు. నేను దూడలా ఉరికి గడగడా అన్నీ చెప్పేశాను. అత్త చివరికెప్పుడో వచ్చింది. పడలేదు, మోపు దించలేదు. పెదాలు మాత్రం నేరేడుపండు రంగుకి తిరిగాయి. ఇంటిపేరు నోటివెంట వచ్చింది, ఆ తర్వాత ఒట్టి గాలి.

"నీ పేరే మర్సిపోనావేటే? పోనీ నీ మొగుడి పేరు సెప్పు" అన్నాడు మేస్త్రి. జనం విరగబడి నవ్వారు. చూడ్డానికొచ్చిన మా అమ్మ కూడా కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

"ఇంకోపాలి... సెప్తాను బాబూ..."

"ఊపిరి లేని ఒళ్ళు నాకెందుకే? దించు."

మా అమ్మ మాట తప్పే మనిషి కాదు. మర్నాడే అత్త గుడ్డలు మూటగట్టి గుమ్మంలో పెట్టింది. అత్త పిల్లనెత్తుకుని వడ్డాదిలో ఉన్న చుట్టాలింటికని బయల్దేరి, దారిలో ఒక చెరకు తోట గట్టు మీద ఆయాసం తీర్చుకోడానికి కూర్చుంది. మళ్ళీ లేవలేదు. సంతకి పోయే బళ్ళవాళ్ళు పిల్లని తెచ్చి మా ఇంట్లో దించారు. సంగతి విని కామందు, "తూకం సరిగ్గానే ఉంది గదా" అన్నాడట. పై ఏడు కూడా అదే కాటా, అదే సగం.

ఆ పిల్ల ఇప్పుడు పళ్ళూడిన ముసలిది. అమ్మ ఎలా ఉండేదని కలిసినప్పుడల్లా అడుగుతుంది. పుష్టిగా ఉండేదే అంటాను, మురిసిపోతుంది. మేనత్త ఇప్పుడు మా ఇద్దరికంటే, మా కూతుళ్ళకంటే కూడా చిన్నది. కాలం పోయినవాళ్ళని గట్టు మీదే కూర్చోబెట్టి, ఉన్నవాళ్ళని రొప్పుతున్నా సరే ముందుకి తోలుతుంది.