యానాం మాస్టారి శనివారం సంఘం

మాస్టారు పోయారు. చలికాలానికని రెజైనా అనే ఊళ్లో కూతురింటికి వెళ్లి, అక్కడే నిద్రలో కన్నుమూశారు. ఆయన భార్య, మా ఆంటీ, ఫోన్ చేసి, “కాఫీ తాగుతారా అని అడిగానమ్మా. మీ మాస్టారు జవాబు చెప్పలేదు,” అన్నారు.

మీలో చాలామందికి ఆయన తెలియదు. స్కార్‌బరోలో తన ఇంటి బేస్‌మెంట్‌లో ఫ్రెంచి పరిపాలనా న్యాయానికి ఒక అధ్యయన సంఘం నడిపిన మనిషి. సర్కారు తప్పుచేస్తే సర్కారునే కోర్టుకెలా లాగాలో చెప్పే చట్టమది. ఫ్రెంచివాళ్లు ఆయన పుట్టిన యానాంని వదిలిపోయినా, ఆ చట్టం మాత్రం ఆయన్ని వదల్లేదు.

స్టూడెంట్లు విమానాల నిండా దిగుతున్న ఏళ్లవి. ఫ్రెంచ్ వస్తే పీఆర్, అంటే శాశ్వత నివాసం, తొందరగా వస్తుందని విని, రెండు బస్సులు మారి ఆయన గుమ్మం ముందు చేరాం.

“అంకుల్, ఇక్కడ ఫ్రెంచ్ నేర్పిస్తారంట కదా?”

“భాష కాదమ్మా, చట్టం. అయినా లోపలికి రండి, చలి.”

వేడివేడి ఉప్మా పెట్టారు. ఉప్మా తిన్నాక లేచిపోతే బాగుంటుందా? కూర్చున్నాం. అలా ఏళ్లు కూర్చున్నాం.

ఆయనకిష్టమైన పాఠం మౌనం. అర్జీకి ప్రభుత్వం గడువులోగా బదులివ్వకపోతే ఆ మౌనమే నిర్ణయం. కొన్నిటికి కాదని, కొన్నిటికి సరేనని. చెబుతూ చెబుతూ ఆగిపోయి, మా వెనక మెట్ల వైపు చూసేవారు. అక్కడ ఎవరూ ఉండేవారు కాదు. “విన్నారా? అదీ జవాబే,” అనేవారు. వర్క్ పర్మిట్ కోసం ఎదురుచూస్తున్న నాకు ఆ మాటకి భయమూ వేసేది, ఎందుకో ధైర్యమూ వచ్చేది.

“మౌనం అర్ధాంగీకారం అంటారు మనవాళ్లు. మిగతా సగం ఎవరిదో ఎప్పుడైనా అడిగారా?” అని కూడా అనేవారు. సంఘం తీర్మానాలకూ అదే పద్ధతి. అడిగాక ఎవరూ మాట్లాడకపోతే ఒప్పుకున్నట్టే.

పోయిన శనివారం మధ్యాహ్నం, సంఘం మూసేయడానికి వీడియో కాల్‌లో కూర్చున్నాం. కొత్త స్టూడెంట్లు రావడం లేదు. కార్యదర్శిని నేనే కాబట్టి అడగాల్సిందీ నేనే. మూసేస్తే ఆయన మిగిల్చిపోయిన ఒక్కటీ పోతుంది. ఆ దిగులుతో అడగడం వాయిదా వేస్తున్నాను.

అప్పుడే మాస్టారి పేరుతో ఒకరు చేరారు.

తెరమీద ఆయన బేస్‌మెంట్. కుర్చీ, వెనక చిన్న కిటికీ. ఇల్లు తాళం వేసుంది, ఆంటీ ఇంకా రెజైనాలోనే ఉన్నారు.

“మాస్టారి ట్యాబ్ ఆఫ్ చేసుండరు. దానంతటదే జాయిన్ అయినట్టుంది,” అన్నాడు ట్రెజరర్. అని, తన కెమెరా ఆపేసుకున్నాడు. పిరికి సన్నాసి!

“సంఘం మూసేద్దాం. అభ్యంతరం ఉన్నవాళ్లు చెప్పండి,” అన్నాను.

ఎవరూ మాట్లాడలేదు. మాస్టారి గదిలో కిటికీ పరదా నెమ్మదిగా పైకి లేచి, ఎవరో ఎత్తిపట్టుకున్నట్టు కాసేపు అలాగే ఉండి, దిగింది.

“హీటర్ గాలి,” అన్నారెవరో, గుసగుసగా.

తీర్మానం అయిపోయినట్టే. ఎవరైనా ఒక్క మాట అంటే చాలు, ఆగిపోతుంది. నాకు ఏడుపొచ్చింది.

“నాకు అభ్యంతరం ఉంది. వచ్చే శనివారం పాఠం నేను చెప్తా,” అన్నాను.

ఒక్కొక్కరే వెళ్లిపోయారు. నాలుగున్నరకే చీకటి పడింది. ఆ గదిలో కుర్చీ కనబడటం మానేసింది. నేను కాల్ ఆపలేకపోయాను. తెర కింద చిన్న అక్షరాల్లో, కాల్‌లో ఇంకా ఇద్దరున్నారని ఉంది.