చుట్టాలింటి తిండి

ఎనభైల్లో వరసగా వానలు తప్పిన కాలంలో మేం మదనపల్లెలో ఉండేవాళ్లం. మా ఆయన పట్టుచీరలు నేసేవాడు. పట్టునూలిచ్చే షావుకారు పని తగ్గించాక నేను ఇంటి ఖర్చు తగ్గించడం మొదలుపెట్టాను. ముందు పాలు మాన్పించాను. తర్వాత తిరగమోత మానేశాను. చివరికి సాయంత్రం ఒక్కపూటే పొయ్యి వెలిగించేదాన్ని. పొద్దున పిల్లలకు మిగిలిన సంగటి నీళ్లలో పిసికి ఇచ్చేదాన్ని.

అప్పుడే పుంగనూరు నుంచి మా ఆయన అక్క ఇద్దరు కూతుళ్లతో వచ్చింది. ఆ పూట దాచుకున్న బియ్యం వండాను. ఆడపిల్లలు తలెత్తకుండా తిన్నారు. మరుసటి రోజు మధ్యాహ్నం పొయ్యి వెలగలేదు. వదిన అది చూసి, కాసేపటికి నా పక్కన వచ్చి కూర్చుంది.

"మా ఇంటాయనే పంపించినాడు మా. మేం కొన్ని దినాలు ఈడుంటే ఆడ ఇల్లు జరుగుతాదని. ఈడ గూడా ఇట్లే ఉండాదని తెలీకపాయ."

"ఉండు వదినా," అన్నాను. గట్టిగా అనలేకపోయాను. సాయంత్రం బస్సుకే వాళ్లు వెళ్లిపోయారు.

వాళ్లు చేసిన పనే నాకూ మిగిలింది. వారం తిరక్కముందే పిల్లల్ని తీసుకుని కుప్పంలో మా అమ్మ దగ్గరికి పోయాను. అమ్మ గడపలోనే నిలబడి నా చేతిలోని బట్టల మూట చూసింది.

"ఎన్ని దినాలుంటావు మా?"

లోపల మా అన్న భార్య మాట్లాడుతున్నది ఆపేసింది.

"రెండు దినాలేమ్మా," అన్నాను.

ఆ రెండు రోజులూ అమ్మ పిల్లలకు కడుపునిండా పెట్టింది. తను మాత్రం మాతో తినలేదు. మేం మదనపల్లె తిరిగొచ్చేసరికి మా ఆయన మగ్గాన్ని బేరం పెట్టి ఉన్నాడు.