గౌను అంచులో నట్లు

మా పిన్ని నీళ్ళ ట్యాంకరు నడుపుతుంది. ఈ ఒక్క ముక్క వింటే చాలు, మా సంఘంలో ఆడవాళ్ళు గడ్డం కింద చెయ్యి పెట్టుకుని నిట్టూరుస్తారు. ఇంట్లో కుళాయి ఎండిన రోజున మాత్రం ఆ నిట్టూర్పు ఎక్కడో దాచిపెట్టి ఆవిడకే ఫోన్ చేస్తారు.

మనిషి దిట్టంగా ఉంటుంది. బాబాయి పాత చొక్కా, మోకాళ్ళ దగ్గర వెలిసిన ప్యాంటు, స్టీరింగ్ పట్టీ పట్టీ కాయలు కాచిన అరచేతులు. ట్యాంకరు మలుపు తిరక్కముందే "బకెట్లు పెట్టండర్రా!" అన్న కేక వీధి చివరికి చేరుతుంది. ఆరాధనలో ఆవిడ "ఆమేన్" అంటే ముందు వరసలో నిద్రపోతున్న పిల్లలు లేచి కూర్చుంటారు. బాబాయి అలా కాదు. దర్జీ పని చేస్తాడు, నెమ్మదస్తుడు. వంట ఆయనదే. పాటల్లో రెండో చరణానికే కళ్ళు తుడుచుకుంటాడు. మృదుత్వం మా ఇంట్లో లేకపోలేదు, కాకపోతే మీసాలు పెట్టుకుని తిరుగుతోంది.

మా సంఘంలో బాప్తిస్మం ముంచి ఇస్తారు. ప్రసంగ వేదిక మీద చెక్కలు తీస్తే కింద సిమెంటు తొట్టి ఉంటుంది, దిగడానికి మెట్లుంటాయి. అందులోకి నీళ్ళు పిన్ని ట్యాంకరువే. ఆడవాళ్ళు బాప్తిస్మం తీసుకునేటప్పుడు పాస్టరుగారి పక్కన ఇంకో ఆడమనిషి నీళ్ళలో నిలబడాలి. గౌను పైకి తేలకుండా అంచు పట్టుకోవాలి, లేచేటప్పుడు భుజం అందించాలి, మెట్లెక్కేలోపు తువ్వాలు కప్పాలి. చలిలో నడుం లోతు నీళ్ళలో నిలబడడానికి పవిత్రమైన ఆడవాళ్ళెవరూ ముందుకు రాలేదు కాబట్టి ఆ పని ఏళ్ళ తరబడి పిన్నిదే. ఇందుకోసం బాబాయి ముతక గుడ్డతో తెల్ల గౌన్లు కుట్టాడు. పిన్ని షెడ్డులో పడున్న పాత నట్లు కడిగి ఇస్తే, వాటిని అంచు మడతలో పెట్టి కుట్టేశాడు. ఆ గౌను వేసుకున్న ఆడది పట్టా కప్పిన సరుకు మూటలా ఉండేది. కానీ ఏ ఒక్కరి గౌనూ చీలమండ దాటి పైకి లేచింది లేదు.

ఆ పని పిన్ని ఎందుకు పట్టుకుందో ఎక్కువమందికి తెలియదు. తను చిన్నపిల్లగా బాప్తిస్మం తీసుకున్నప్పుడు పక్కన ఎవరూ లేరు. గౌను ఛాతీ దాకా తేలింది. పాటల బృందంలో కుర్రాళ్ళు కిసుక్కున నవ్వారు. అమ్మమ్మ చివరి వరసలో కూర్చునే ఉంది, ఆవిణ్ణి ఎవరూ ముందుకు పిలవలేదు. నా కూతురు మునిగే రోజున నీళ్ళలో నేనుండాలి, ఇదొక్కటే పిన్ని కోరిక. కూతురంటే మా చెల్లి. ఈమధ్యే ఇంటర్ పూర్తి చేసింది.

ఇంతలో సంఘానికి కొత్త పాస్టరుగారు వచ్చారు. ఆయన వెంట పాస్టరమ్మ వచ్చింది. అసలు వచ్చింది పాస్టరమ్మే, ఆవిడ సామాన్లతోబాటు ఆయనా దిగారు అనడం సబబు.

వచ్చీ రాగానే స్త్రీల కూడికలో "దేవుని స్త్రీ" అని క్లాసులు మొదలెట్టింది. ఆడదానికి మౌనమే నగ అని మైకు పట్టుకుని గంటలకొద్దీ చెబుతుంది. భర్తకు లోబడాలి అని కళ్ళు మూసుకుని చెప్పి, కళ్ళు తెరిచి, "ఏవండీ, ఆ ఫ్యాను పెంచండి" అంటుంది. పాస్టరుగారు వెంటనే లోబడతారు. నవ్వితే పళ్ళు కనబడకూడదు. అడుగు చిన్నదిగా పడాలి. గొంతు పక్కవాళ్ళను దాటకూడదు. లేత రంగులే కట్టాలి. ఇవన్నీ దేవుడు ఎవరితో ఎప్పుడు చెప్పాడని అడిగే నోరు ఒక్కరికీ లేదు. పొద్దున ఆస్పత్రిలో తాగి గొడవ చేసేవాణ్ణి ఒంటిచేత్తో మంచానికి అదిమి పట్టే నర్సు, సాయంత్రం ఇక్కడికొచ్చి టీ కప్పు ఎన్ని వేళ్ళతో పట్టుకుంటే దేవుడు సంతోషిస్తాడో నేర్చుకుంటోంది. అందరికన్నా శ్రద్ధగా నేర్చుకున్నది మా చెల్లి. ముందు కుర్చీ దానిదే. ఇంట్లో కూడా గొంతు ఎంత తగ్గించిందంటే, ఉప్పు అడిగితే బాబాయి ప్రార్థన చేస్తోందనుకుని కళ్ళు మూసుకునేవాడు.

ఒక ఆదివారం ఆరాధన అయ్యాక మెట్ల దగ్గర పాస్టరమ్మ పిన్నిని ఆపింది.

"వందనాలమ్మా. తొట్టిలో మీరే దిగుతారట కదా?"

"అవునండీ. వచ్చే నెల మా అమ్మాయిది కూడా ఉంది."

"అదే చెబుదామని. బాప్తిస్మానికి వచ్చే ప్రతి స్త్రీ ఒక పెళ్ళికూతురు. పక్కన నిలబడే మనిషి కూడా ఆ అందానికి తగ్గట్టు ఉండాలి కదా. మీరేమో..." ఆవిడ చూపు చొక్కా మీంచి ప్యాంటు మీదికీ, అక్కణ్ణించి బూట్ల మీదికీ జారింది.

"నేనేమో?"

"కొంచెం మగరాయుడిలా ఉంటారు."

"గౌను వేసుకుని ట్యాంకరు ఎక్కాననుకోండి అమ్మగారూ, కింద నిలబడ్డవాళ్ళందరికీ నేను వేరే సాక్ష్యం ఇవ్వాల్సొస్తుంది."

పక్కనున్న నర్సుకు నవ్వాగలేదు. పళ్ళు కూడా కనబడ్డాయి.

"చూశారా, ఈ మాటలే తగ్గించుకోమనేది," అంది పాస్టరమ్మ. "క్లాసుకి రండి. మార్పు కనబడితే చూద్దాం."

వెళ్ళనంటుందని నేననుకున్నాను. వెళ్ళింది! కూతురి పక్కన నీళ్ళలో నిలబడడానికి ఆవిడ ఏమైనా చేసేట్టుంది. బాబాయి పూల గౌను కుట్టాడు. పొద్దున డ్యూటీ ఎక్కేముందు వరండాలో నడక ప్రాక్టీసు.

"అడుగు చిన్నదిగా వెయ్యి," అంటాడు బాబాయి, సూదిలో దారం ఎక్కిస్తూ.

"ఇంతకంటే చిన్నదంటే నిలబడ్డట్టే. ఎందుకొచ్చిన తంటా, నువ్వే వేసుకుని వెళ్ళకూడదూ? నీకే నప్పుతుంది."

"నాకు నడుం దగ్గర బిగుతవుతుంది," అన్నాడు ఆయన, నిజంగానే ఆలోచించి.

క్లాసులో పిన్ని నాలుగు వారాలు పళ్ళు బిగించి కూర్చుంది. పళ్ళు కనబడకూడదు కదా, ఆ నియమానికి ఇది సరిపోయింది. నవ్వడం నేర్పుతుంటే ఒకసారి ప్రయత్నించింది, చలికాలం పొద్దున ఇంజను దగ్గినట్టు వచ్చింది. చివరి వారం మాత్రం ఆగలేక చెయ్యెత్తింది.

"అమ్మగారూ, బైబిలు వాక్యంలో గుణవతి అని ఉంది కదా. పొలం చూసి కొంటుంది, సరుకు అమ్ముతుంది, చేతులకి బలం తెచ్చుకుంటుంది. ఆవిడకి కప్పు పట్టుకోవడం ఎవరూ నేర్పలేదాండీ?"

పాస్టరమ్మ జవాబు లేనప్పుడు పెద్దవాళ్ళు చేసే పనే చేసింది, ప్రార్థన మొదలెట్టింది. ప్రార్థనలో పిన్ని పేరు ఎత్తకుండా పిన్నినే దేవుడికి పట్టించింది. ఆమేన్ అయ్యాక తీర్పు వచ్చింది. "మీరింకా సిద్ధపడలేదమ్మా. ఈసారి తొట్టి దగ్గర నేనుంటాను. మీరు నీళ్ళు తెచ్చిపెట్టండి చాలు." ముతక గౌన్ల బదులు లేసు పెట్టిన పల్చటి గౌన్లు తెప్పించానని కూడా చెప్పింది. పాతవాటిని మూటగట్టి, "బండి తుడుచుకోవడానికి పనికొస్తాయి" అని పిన్ని చేతికే ఇచ్చింది.

ఇదంతా పిన్ని తట్టుకునేదే. దెబ్బ ఇంట్లో తగిలింది. గిన్నెలు కడుగుతున్న చెల్లి, వెనక్కి తిరక్కుండా, క్లాసులో నేర్చుకున్న గొంతుతో అంది: "అమ్మా, ఈ ఒక్కసారికీ నువ్వు బయట ఉండవా?"

"ఏంటి?" అంది పిన్ని.

పిన్నికి వినబడింది. రెండోసారి అడిగితే మాట మారుతుందేమోనని అడిగింది. మారలేదు.

పాస్టరమ్మ పాఠం ఆ రోజు నిజంగా పనిచేసింది. మా పిన్ని నోరు మూతపడింది.

మర్నాడు ట్యాంకరు దగ్గర నేనే ఆగలేకపోయాను. "నీళ్ళు తేనని చెప్పెయ్ పిన్నీ. ఆ మృదువైన ఆడవాళ్ళనే గ్లాసులతో మోసుకొచ్చి నింపుకోమను."

"నోర్ముయ్యరా. కాలేజీ గోడ దూకొచ్చిన మొనగాడివి, నువ్వా నాకు చెప్పేది? అందులో మునిగేది నా కూతురు."

బాప్తిస్మం రోజున పిన్ని అందరికన్నా ముందొచ్చి, కిటికీలోంచి గొట్టం వేసి తొట్టి నింపింది. జనం వచ్చేసరికి తను బయటే, కిటికీ అవతల, గొట్టం చుడుతూ ఉంది. ప్యాంటు, చొక్కా. పూల గౌను ఎటు పోయిందో నేనడగలేదు.

పాస్టరుగారు నీళ్ళలో నిలబడి వణుకుతున్నారు. పాస్టరమ్మ పైమెట్టు మీద నిలబడింది, ఎత్తు చెప్పులతో, రెండు వేళ్ళ మధ్య తువ్వాలుతో. నీళ్ళలో దిగే ఉద్దేశం ఆవిడ చెప్పుల్లోనే లేదు. మొదట సంఘ కార్యదర్శి కోడలు వచ్చింది, లేసు గౌనులో, అచ్చం పెళ్ళికూతురే. రెండు మెట్లు దిగింది. గౌను కింద గాలి చేరింది. మూడో మెట్టుకి గౌను గొడుగులా విచ్చుకుంది.

పాపం, ముందు అదిమితే వెనక లేచింది. వెనక అదిమితే ముందు లేచింది. పాస్టరుగారు గట్టిగా కళ్ళు మూసుకున్నారు, అలవాటున్న పనే. పాటల బృందంలో మగవాళ్ళందరికీ ఒకేసారి సీలింగు ఫ్యాన్ల మీద ఆసక్తి పుట్టింది. "కిందికి లాక్కో! కిందికి! చేత్తో!" అని పాస్టరమ్మ పైమెట్టు మీంచి అరిచింది. ఆ మౌనానికి మైకు అక్కర్లేకపోయింది. కళ్ళు తెరవకుండానే పాస్టరుగారు ఆ అమ్మాయిని ముంచారు. ఆ అమ్మాయి మునిగింది. గౌను మునగలేదు. అణకువ గురించి నెలల తరబడి పాఠాలు విన్న సంఘం, ఒక ఆడపిల్ల మోకాళ్ళు తొడలతో సహా చూసి ఇంటికి పోయే ఏర్పాటు ఇలా చేసుకుంది.

అప్పుడు కిటికీ అవతల్నుంచి నవ్వు వినిపించింది. అన్ని పళ్ళతోనూ నవ్విన నవ్వు.

హాలంతా అటు తిరిగింది. వరసలో తర్వాత నిలబడింది చెల్లే. ముఖం కందిపోయింది. ఇక ఈ జన్మకి తల్లీకూతుళ్ళ మధ్య మాటలుండవనుకున్నాను. చెల్లి వరసలోంచి బయటికొచ్చి, ఆ లేసు గౌనుతోనే, ఉత్త కాళ్ళతో పక్క తలుపులోంచి వెళ్ళిపోయింది. నేను తలుపు దాకా పరుగెత్తాను.

"నవ్వావు," అంది చెల్లి.

"నవ్వొచ్చింది."

"అందరూ విన్నారు."

"తప్పే. ఆ పిల్ల ఉసురు నాకు తగుల్తుంది." పిన్ని గొంతు తగ్గింది. "నేనూ అలా తేలినదాన్నే. నా మీద నవ్వారు. ఇవాళ నేనూ నవ్వాను, ఏం మనిషినో."

చెల్లి ఆ మాట ఎప్పుడూ వినలేదు. 

"పాత గౌన్లు ఉన్నాయా?"

పిన్ని సీటు వెనక నుంచి మూట లాగింది. "పైదానికి గ్రీజు అంటింది."

"పర్లేదు."

"నేను ప్యాంటుతోనే ఉన్నాను మరి."

"కనబడుతోందిలే. దిగుతావా దిగవా?" అని కసిరింది చెల్లి. క్లాసులో నేర్పిన గొంతు కాదది. పిన్ని గొట్టం అక్కడే పడేసింది.

గ్రీజు మరక గౌనుతో కూతురూ, బూట్లు విప్పేసిన తల్లీ వేదిక ఎక్కుతుంటే పాస్టరమ్మ అడ్డం వచ్చింది. "ఇలాగా? ప్యాంటుతోనా? దేవుని సన్నిధిలో?" అని పాస్టరుగారి వైపు చూసింది. ఆయన భార్య ముఖం చూడకుండా మాట్లాడింది నాకు తెలిసి అదే మొదటిసారి. "ఎవరో ఒకరు తొందరగా దిగండమ్మా," అన్నారు. "చలికి చచ్చిపోతున్నాను." ధైర్యమనుకునేరు, ఉత్త చలే.

పిన్ని దిగింది. నట్ల బరువుకి గౌను తిన్నగా కిందికి దిగింది, అయినా అంచు వదల్లేదు. "ఊపిరి బిగబట్టు," అన్న మాట చివరి వరసకి వినబడింది. చెల్లి మునిగి లేచేసరికి భుజం కింద పిన్ని చెయ్యి ఉంది, మెట్టెక్కేసరికి తువ్వాలు ఉంది. బాబాయి ముందు వరసలో ఏడుస్తున్నాడు, మృదువుగా. వరసలో మిగిలిన ఆడవాళ్ళు లేసు గౌన్లతోనే బయటికి నడిచి, ట్యాంకరు దగ్గర పాత మూట కోసం తోసుకున్నారు. వాళ్ళందరి పక్కనా పిన్నే నిలబడింది. కార్యదర్శి కోడలి దగ్గరికి వెళ్ళి ఏదో చెప్పి దండం కూడా పెట్టింది. ఆ అమ్మాయి మొహం తిప్పుకుంది. ఆ అమ్మాయిని తప్పు పట్టలేను.

దీంతో సంఘం మారిపోయిందని చెబితే నేను అబద్ధమాడినట్టు. తర్వాతి వారం క్లాసు ఉంది, పాఠం పేరు "అణకువ". నర్సు వెళ్ళింది, కప్పు పట్టుకుంది. లేసు గౌన్ల అంచులో నట్లు కుట్టి పెట్టమని పాస్టరమ్మ బాబాయికి కబురు చేసింది, కాకపోతే బయటికి కనబడకుండా కుట్టాలట.

ఆ రోజు తొట్టి మెట్ల మీద తీసిన ఫోటో ఇప్పుడు హాల్లో నోటీసు బోర్డు మీద ఉంది. పిన్ని అందులో లేదు. ప్యాంటు బాగోదని ఆవిడున్న వైపు కత్తిరించారు. పాపం కత్తిరించినవాళ్ళకి ఒక చిక్కొచ్చింది. పిన్ని చెయ్యి చెల్లి భుజం చుట్టూ ఉంది. దాన్ని తీసెయ్యాలంటే చెల్లినీ కొయ్యాలి. అందుకని చెయ్యి ఉండిపోయింది, చిట్లిన బొటనవేలి గోరుతో, కాయలతో సహా.

మొన్న ఆరాధన అయ్యాక, సంఘానికి కొత్తగా వచ్చినావిడ ఎవరో బోర్డు ముందు ఆగి, "ఈ చెయ్యి ఎవరిదండీ, వాళ్ళ నాన్నగారిదా?" అని అడిగింది. పాస్టరమ్మ చిన్నగా, పళ్ళు కనబడకుండా నవ్వి ఊరుకుంది.

"మా అమ్మది!" అంది వెనక నుంచి చెల్లి. ముందు వరసలో ఇద్దరు పిల్లలు నిద్ర లేచారు.