గడియలు పీకేసిన తాళాలాయన

మా వీధి చివరింటి తాళాలాయన కూతుర్ని గదిలో పెట్టి తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకుని కొట్టుకు పోతున్నాడన్న మాట మీరూ వినే ఉంటారు. పరీక్షలయ్యేదాకా భోజనం పళ్లెం కూడా కిటికీలోంచే అందిస్తున్నారని ఒకరు, కాదు, స్నానానికి మాత్రం బయటికి వదులుతున్నారని ఇంకొకరు. ఈ మాట పుట్టించింది ఎదురింట్లో ఉండే లాండ్రీ కొట్టామె. ఆవిడ అబద్ధాలాడే మనిషి కాదు. సగం చూసి, మిగతా సగం తనే కుట్టుకునే మనిషి. స్క్రూడ్రైవర్ పట్టుకుని తాళాలాయన కూతురి గది తలుపు దగ్గర మోకాళ్ల మీద కూర్చోవడం ఆవిడ తన కిటికీలోంచి చూసింది. తాళాలు చేసేవాడు తలుపు దగ్గర కూర్చుంటే తాళం బిగిస్తున్నాడనే కదా ఎవరైనా అనుకునేది.

బిగించడం లేదు. విప్పుతున్నాడు. నేను వెళ్లి కళ్లారా చూసి వచ్చాను కనుక ఆ మాట ఇక్కడితో ఆపేయండి. అసలు జరిగింది అంతకంటే చిన్నది, అంతకంటే భయపెట్టేది.

ముందు మనిషి ఎలాంటివాడో చెప్పాలి. పెద్దరోడ్డు మీద చెప్పుల కొట్టుకీ జిరాక్సు కొట్టుకీ నడుమ ఇరికించినట్టుంటుంది ఆయన కొట్టు. ఇద్దరు లోపల ఉంటే మూడో మనిషి రోడ్డు మీద నిలబడాలి. గోడనిండా మేకులకు ఇంకా పళ్లు కోయని తాళంచెవులు వేలాడుతుంటాయి. ఒక మూల ఆ పళ్లు కోసే మిషను ఉంటుంది. అది నడిస్తే విన్నవాళ్ల దవడలు జిల్లుమంటాయి. అందుకే ఆయన దాని ముందు కూర్చునేటప్పుడు చెవులకు గిన్నెల్లాంటి మూతలు తగిలించుకుంటాడు. మాట తక్కువ. ఇంటి తాళంచెవి పారేసుకుని ఏడుస్తూ వచ్చినవాళ్లతో కూడా "ఊ" అనే అంటాడు. విచిత్రమేమిటంటే ఆ "ఊ" వినగానే వాళ్ల ఏడుపు ఆగిపోతుంది. ఎవరి తలుపైనా తీస్తాడు. తీశాక లోపలికి తొంగి చూడడు. నాలాంటిదానికి ఆయనలో ఆ ఒక్క గుణమే అర్థం కాదు.

భార్య బేకరీలో పని చేస్తుంది. తెల్లారకముందే వెళ్లి, మధ్యాహ్నానికి తిరిగొచ్చి, మోచేతుల దాకా పిండి వాసనతోనే ఒక కునుకు తీస్తుంది. వాళ్లకు ఒక్కతే కూతురు. పన్నెండో తరగతి. వీధంతా ఆ పిల్లను టకటక అని పిలుస్తాం, ఎందుకంటే నడక వచ్చిననాటి నుంచీ దొరికిన వస్తువు మీదల్లా దరువు వేస్తుంది. తండ్రి కొట్టులో ఖాళీ అయిన రేకు డబ్బాలన్నీ ఆమె గదిలో బోర్లించి ఉంటాయి. రెండు పెన్సిళ్లు పట్టుకుందంటే ఆ డబ్బాలు మాట్లాడతాయి.

ఆ ఏడాది మా వీధిలో పన్నెండో తరగతి పిల్లలున్న ఇళ్లు చాలానే. ఆ ఇళ్ల తల్లులు చెప్పులు చేత్తో పట్టుకుని నడిచేవాళ్లు. ఒకావిడ మిక్సీని స్నానాలగదిలోకి తీసుకుపోయి తలుపేసుకుని తిప్పేది. ఇంకొకావిడ కొడుకు గిటారును తన పుట్టింట్లో దాచింది. వాడు స్నేహితుడిది తెచ్చుకున్నాడు. తాళాలాయన ఇంట్లో మాత్రం పొద్దస్తమానం దరువే. భార్య విసుక్కుంటే "వాయించుకోనీ" అనేవాడట. పిల్ల సరదా చంపని తండ్రి అని అందరం మెచ్చుకున్నాం. అసలు సంగతి అది కాదని తర్వాత తెలిసింది.

లాండ్రీ ఆమె మాట విన్నాక నాకు కూర్చుంటే కూర్చోబుద్ధి కాలేదు. గ్లాసు పట్టుకుని పంచదార అరువడగడానికి వాళ్లింటికి వెళ్లాను. మా ఇంట్లో డబ్బా నిండా పంచదార ఉంది. అది వేరే సంగతి.

లోపలికి వెళ్లగానే నా కళ్లు పిల్ల గది తలుపు మీద పడ్డాయి. గడియ లేదు. అది ఉన్నచోట చెక్క రంగు తెల్లగా, నాలుగు స్క్రూల గుంతలతో, పన్ను ఊడిన చిగురులా ఉంది. వంటింటి తలుపుకీ లేదు. పడగ్గదికీ లేదు. స్నానాలగది తలుపు దగ్గరగా వేసి ఉంది. లోపలి నుంచి పాట గట్టిగా, శ్రుతి లేకుండా వస్తోంది.

"ఎవరే లోపల, అంత గొంతు చించుకుంటున్నారు?" అన్నాను.

"మా టకటకే పెద్దమ్మా," అంది భార్య. "గడియ లేదుగా. లోపలున్నవాళ్లు ఏదో ఒకటి పాడుతూ ఉండాలి. నాకు పాటలు రావు, ఎక్కాలు చదువుతాను."

"మరి మీ ఆయన?"

"ఆయన దగ్గుతారు. ఆ దగ్గు వింటుంటే నేను ఇంట్లో ఉన్నానో ఆస్పత్రి వార్డులో ఉన్నానో తెలియడం లేదు."

నవ్వు ఆపుకుంటూ, ఇదంతా ఎందుకని అడిగాను.

"తుప్పు పట్టాయి, కొత్తవి బిగిస్తానంటారు. ఈయనది తాళాల కొట్టు పెద్దమ్మా. ఇంట్లోకి నాలుగు గడియలు తేవడానికి ముహూర్తం చూడాలా?"

పిల్ల తడిజుట్టుతో బయటికి వచ్చింది. నన్ను చూడగానే చెయ్యి పట్టుకుని తన గదిలోకి లాక్కుపోయి మంచం మీద కూలేసింది.

"అమ్మమ్మా, నువ్వైనా చెప్పు నాన్నకి. పుస్తకం తీస్తే చాలు, వచ్చేస్తాడు. నీళ్లు కావాలా అంటాడు. వద్దంటే వెళ్తాడు. మళ్లీ వచ్చి ఫ్యాను తగ్గించనా అంటాడు. ఫ్యాను అసలు వేసుంటే కదా."

"చదువుతున్నావో లేదో చూసుకుంటున్నాడేమోలే. తండ్రులకు ఉంటుంది."

"అలాగైతే వాయిస్తున్నప్పుడు రావాలి కదా? వాయిస్తున్నంతసేపూ రాడు. చప్పుడు ఆగితేనే వస్తాడు. పుస్తకం వైపు కూడా చూడడు అమ్మమ్మా. నా మొహం చూస్తాడు. చూసి, ఊపిరి వదిలి వెళ్లిపోతాడు. చదవాలంటే చప్పుడు ఉండకూడదు, చప్పుడు లేకపోతే నాన్న ఉండలేడు. నేనేం చెయ్యను?"

ఇంతసేపూ నాకు వింతగా, కాస్త నవ్వులాటగా ఉన్నది ఒక్కసారిగా వేరే రంగు తిరిగింది. ఆయనకు ఏదో తెలిసి ఉండాలి. ఈ పిల్ల గురించి మాకెవరికీ తెలియనిదేదో.

అంతలో ఆయనే భోజనానికి వచ్చాడు. నేను పంచదార గ్లాసు పట్టుకుని వంటింటి గుమ్మంలో సర్దుకుని నిలబడ్డాను. పిల్ల పళ్లెం ముందు కూర్చుని, ఇక ఆగలేనట్టు మొదలుపెట్టింది. పక్క నగరంలోని విశ్వవిద్యాలయంలో ఆమెకు చోటిస్తామన్నారు. రాళ్ల చదువు. కొండల్లో ఏ రాయి ఎప్పుడు పుట్టిందో, భూమి లోపల ఏం కదులుతోందో తెలుసుకునే చదువట. చేరుతుందో లేదో శుక్రవారంలోగా చెప్పాలి. తండ్రి సంతకం కావాలి.

"రాళ్లు చూడ్డానికి అంత దూరం దేనికే?" అంది తల్లి. "ఇంట్లో మీ నాన్న ఉన్నాడుగా, అడిగినదానికి పలక్కుండా. ఎప్పుడు పుట్టాడో కూడా నేనే చెప్తాను."

ఆయన కొంచెం నవ్వాడు. "ఇక్కడి కాలేజీలో కామర్స్ బాగుంటుందంటున్నారు," అన్నాడు.

"నాకు కామర్స్ వద్దు నాన్నా."

"ఊ. హాస్టల్లో గదికి ఎంతమంది?"

"ఒక్కరే. చిన్న గదులు, కానీ ఎవరిది వాళ్లకే."

ఆయన చెయ్యి పళ్లెంలోనే ఆగిపోయింది. "గడియ లోపలివైపు ఉంటుందా?"

"లోపల కాక బయట ఉంటుందా? అదేమన్నా జైలా?"

ఆయన సగం భోజనం వదిలేసి లేచి చేయి కడుక్కున్నాడు. నేను వెనకాలే వెళ్లి, "ఏమయ్యా, పిల్లకి ఒంట్లో బాగాలేదా, మనసులో బాగాలేదా? నాతోనైనా చెప్పకూడదా?" అన్నాను. తువ్వాలుతో మొహం తుడుచుకున్నంతసేపూ తుడుచుకుని, "మీ బీరువా తాళం బాగా తిరుగుతోందా పెద్దమ్మా?" అని కొట్టుకు వెళ్లిపోయాడు.

ఆ రోజు నుంచి ఆ జబ్బు నాకూ అంటుకుంది. అంట్లు తోముతూ ఆ చివరింటి దరువు వినిపిస్తోందా అని చెవి అటు పారేసేదాన్ని. వినిపిస్తే చేయి ఆడేది. ఆగిపోతే చేతిలో గిన్నె చేతిలోనే ఉండిపోయేది. పిల్ల పుస్తకం తీసి ఉంటుందని తెలుసు. తెలిసినా, మళ్లీ ఆ టకటక మొదలయ్యేదాకా గుండె కుదుటపడేది కాదు. బయటిదాన్ని, నాకే ఇలా ఉంటే కన్నవాడి సంగతేమిటి?

గురువారం నాడు మా బీరువా తాళం ఊడదీయించి సంచిలో వేసుకుని బయల్దేరాను. తాళం లక్షణంగా ఉంది. ఆయన్ను అడిగేదాకా వదలకూడదని నేనే చిక్కు తెచ్చిపెట్టుకున్నాను. భోజనం చేసి కొట్టుకు తిరిగి వెళ్తూ ఆయనే దారిలో కలిశాడు. పిల్ల స్నేహితురాలింటికి చదువుకోవడానికి వెళ్లిందని తనే చెప్పాడు. నెమ్మదిగానే ఉన్నాడు. ఇద్దరం కలిసి పెద్దరోడ్డెక్కాం.

కొట్టు షట్టరు దించే ఉంది. కానీ కింద ఆయన వేసి వెళ్లిన తాళం లేదు. పైకి లేపబోతే షట్టరు కదిలి ఆగిపోయింది. లోపల కొక్కెం వేసి ఉంది.

జిరాక్సు కొట్టతను తల బయటికి పెట్టి, "మీ అమ్మాయే అన్నా," అన్నాడు. "చాలాసేపైంది వచ్చి. ఇంట్లోంచి తాళంచెవి తెచ్చి తీసుకుని, లోపలికి వెళ్లి దించేసుకుంది. ఇందాక నేను పిలిచినా పలకలేదు."

తాళాలాయన మొహంలో రంగు దిగిపోవడం నేను చూశాను. షట్టరు మీద అరచేత్తో కొట్టాడు. "అమ్మలూ" అని పిలిచాడు. ఆగి విన్నాం. నిండా రేకు డబ్బాలుండే కొట్టు అది. లోపల ఒక్క దరువు లేదు. "అమ్మలూ, నేనే, నాన్నని." ఏమీ లేదు.

మోకాళ్ల మీద కూర్చుని తన పనిముట్ల సంచిలోంచి వంకర తీగ తీశాడు. షట్టరు కిందనుంచి దూర్చి పైకెత్తితే ఆ కొక్కెం లేచిపోతుంది. ఆ కొక్కెం ఆయన సొంత చేతులతో బిగించిందే. తీగ దూర్చాడు, జారి కిందపడింది. మళ్లీ దూర్చాడు, మళ్లీ పడింది. ఊరందరి తలుపులూ తీసిన ఆ చేతులు చలిజ్వరం వచ్చినట్టు ఆడుతున్నాయి. తల ఎత్తి నా వైపు చూశాడు. "పెద్దమ్మా, మీరు పట్టుకోండి," అని తీగ నా చేతికిచ్చాడు.

సూదిలో దారం ఎక్కించడానికే పక్కింటి పిల్లల్ని బతిమాలేదాన్ని నేను. నాకు ఇచ్చాడంటే ఆయన భయం ఎక్కడిదాకా వెళ్లిపోయిందో అప్పుడు తెలిసింది. ఏం చెయ్యాలో తోచక సంచిలోని మా బీరువా తాళం తీసి షట్టరు మీద దబదబా బాదాను. చెప్పుల కొట్టు వాళ్లు లేచి వచ్చారు.

లోపల కొక్కెం చప్పుడైంది. షట్టరు లేచింది. నోట్లో పెన్సిలు, చెవులకు తండ్రి మిషను దగ్గర పెట్టుకునే మూతలు, చేతిలో లెక్కల పుస్తకం. పిల్ల మూతలు మెడమీదికి లాక్కుంది.

"ఏంటి నాన్నా, గోడ ఊగిపోతోంది. దొంగలనుకున్నాను."

ఆయన అక్కడే గడపమీద కూలబడ్డాడు.

"ఏం చేస్తున్నావే లోపల?" అన్నాను.

"చదువుకుంటున్నాను అమ్మమ్మా. లోపల వేసుకోవడానికి గడియ ఉన్న చోటు నాకు ఇదొక్కటే మిగిలింది."

కసిగానే అంది. అన్నాక తండ్రి చేతులు చూసింది. ఒళ్లో పెట్టుకున్నా ఆగడం లేదు. పిల్ల గొంతు దిగిపోయింది. వంగి, "నాన్నా, నాకేం కాలేదు. బాగానే ఉన్నాను," అంది. ఆయన "ఊ" అన్నాడు. ఎంతమంది ఏడుపో ఆపిన ఆ "ఊ" ఈసారి ఆయనకే పనికి రాలేదు. పిల్ల నీళ్లకోసం జిరాక్సు కొట్టులోకి పరుగెత్తింది.

నేను గడపమీద ఆయన పక్కన కూర్చున్నాను. ఇక చుట్టూ తిప్పే ఓపిక నాకు లేదు. "గడియలు ఎందుకు పీకావయ్యా?" అన్నాను.

"పోయినేడు ఫలితాలు వచ్చిన రోజు ఒకాయన పరుగెత్తుకుంటూ వచ్చాడు పెద్దమ్మా. వాళ్లమ్మాయి గదిలో గడియ వేసుకుంది, పలకడం లేదన్నాడు. వెళ్లాను. తీశాను."

"తీస్తే?"

"మీకు తెలుసుగా, నేను తొంగి చూడను. ఆ రోజు చూశాను. పిల్ల నిద్రపోతోంది. చెవుల్లో పాటలు పెట్టుకుని, నోరు తెరుచుకుని. మార్కులు కూడా మంచివే వచ్చాయట. అందరూ నవ్వుకున్నారు. నాకు టీ ఇచ్చారు."

"మరి అంతా మంచిదే కదయ్యా."

"తీశాక మంచిదే. తీసేదాకా వాళ్లమ్మ నా వెనక నిలబడి, ఒక్క మాట అనకుండా నా చొక్కా పట్టుకుంది. అప్పటికి లోపల ఏముందో నాకూ తెలియదు. గడియ తీస్తూ, తీయకుండా ఉంటే బాగుండనిపించింది. ఇంటికి వచ్చి చూస్తే మా అమ్మాయి గదికీ అదే రకం గడియ. నేనే బిగించాను. ఈ ఏడు దాని పరీక్షలు దగ్గరపడ్డాక ఇక ఆగలేకపోయాను."

నీళ్ల గ్లాసుతో పిల్ల వచ్చి వెనకాల నిలబడింది. ఎప్పటినుంచి వింటోందో నాకు తెలియదు. నేను ఆపలేదు. ఆమె ముందే అడగడం మంచిదనిపించింది.

"రేపే గడువు. పిల్లను ఆ హాస్టలుకు పంపుతావా, పంపవా? ఒక్క మాట చెప్పు."

ఆయన కూతురి చేతిలోంచి గ్లాసు అందుకున్నాడు. నీళ్లు ఒలకకుండా రెండు చేతులతో పట్టుకున్నాడు.

"పంపుతాను పెద్దమ్మా. ఆ గదికి మంచి తాళం నేనే చేసిస్తాను. దానికి రెండో తాళంచెవి కోసి దాచుకోకుండా ఉండగలనా అన్నదే నా భయం."