దు బాబాయి గోడ

మా పిన్ని భర్తను ఊరంతా దు బాబాయి అంటారు. ఆ పేరు ఆయన చేజేతులా రాసుకున్నదే.

బాబాయి ముప్పై ఏళ్లు బోర్డులు, గోడలు రాసిన పెయింటరు. పెళ్లయిన కొత్తలో ఒక ఆసుపత్రి ప్రహరీ మీద "ప్రకటనలు అంటించరాదు" అని రాయమన్నారట. అక్షరాలు నిండుగా ఉండాలని చోటంతా ముందే వాడేశాడు. చివరి 'దు'కి గోడ చాలలేదు. మూల తిప్పి పక్కగోడ మీద రాశాడు. రోడ్డు మీంచి చూస్తే "ప్రకటనలు అంటించరా" అని మాత్రమే కనిపించేది. వారం తిరక్కుండా ఆ గోడ నిండా కాగితాలే. "పెయింటరే అంటించమన్నాడు కదండీ" అన్నారట అంటించినవాళ్లు.

తర్వాత ప్రింటు బోర్డులు వచ్చాయి. మిషను గంటలో చేసే పనికి మనిషిని వారం రోజులు నిచ్చెనెక్కించేదెవరు? బాబాయి కుంచెలు కడిగి, ఆరబెట్టి, పాత బనియన్‌లో చుట్టి అటక మీద పెట్టేశాడు. ఆ రోజంతా ఒక్క జోకు కూడా వేయలేదట. పిన్ని ముందుగదిలో ఎనిమిది కంప్యూటర్లు పెట్టి గేమ్ సెంటర్ తెరిచింది. ఎనిమిదో తరగతిలో చదువు ఆగిపోయిన నన్ను కౌంటర్‌లో కూర్చోబెట్టింది. నాకు మాట్లాడటం సరిగా రాదు. చూడటం బాగా వచ్చు.

సాయంత్రం పనులు ముగించుకుని వచ్చినవాళ్లు రెండు జట్లుగా తుపాకుల ఆట ఆడతారు. ఆన్‌లైన్‌లో మా సెంటర్ పేరున ఒక గది ఉంది. ఇళ్ల నుంచి కూడా కొందరు అందులోకి వస్తారు. అక్కడి నియమాలు పిన్నివే. ఆ ఆటలో ఎవరి బొమ్మ వాళ్లు తెచ్చుకుని, గోడల మీద స్ప్రే కొట్టినట్టు వేసుకోవచ్చు.

ఒకరోజు బాబాయి అది చూశాడు.

"అమ్మలూ, ఆ గోడ ఎవరిది?"

"ఎవరిదీ కాదు బాబాయ్."

"ఓనరు లేని గోడా!"

అటక మీది మూట దిగింది. ఆయన కాగితం మీద రాసేవాడు, నేను ఫోటో తీసి ఎక్కించేదాన్ని. మొదటిది "ఇచ్చట కాల్చరాదు". తనూ ఒక జట్టులో చేరి, దాన్ని ఆటలో ఒక సన్నటి స్తంభం మీద వేశాడు. దు మళ్లీ మూల తిరిగింది. ఎదుటి జట్టు "కాల్చరా" అని చదువుకుని ఆయన్నే కాల్చేసింది.

"ఈ జన్మకి మీకు గోడ కొలవడం రాదు" అంది పిన్ని.

"కాల్చడం కూడా రాదులేవే" అని పొట్ట పట్టుకుని నవ్వాడు.

అదే ఆయన జట్టుకి కలిసొచ్చింది. ఎదుటివాళ్లు ఆగి చదివి నవ్వేవాళ్లు. ఈలోగా కుట్టక్క వాళ్లను పడగొట్టేసేది. కుట్టక్కది వీధి చివర టైలరింగ్ షాపు. ఆవిడ సూదిలో దారం ఎక్కించినంత తేలిగ్గా గురి చూస్తుంది. "నువ్వు రాస్తూ ఉండు బాబాయ్. చదివేవాళ్ల సంగతి నేను చూసుకుంటా" అనేది. బాబాయి రోజుకొక బోర్డు రాశాడు. పదేళ్లు చిన్నవాడయ్యాడు.

అంతలో ఒక సాయంత్రం ఆటలోని పెద్ద గోడ మీద కుట్టక్క ఫోటో ప్రత్యక్షమైంది, పంది మూతి అతికించి. అందరూ నవ్వారు. ఆవిడ లేచి, చెప్పులేసుకుని వెళ్లిపోయింది. అది ఎవరి పనో నాకు తెలుసు. నాలుగో కంప్యూటర్ దగ్గర టైర్ల షాపతను మౌస్ మీంచి చెయ్యి తీసి ఒళ్లో దాచుకున్నాడు. చూశాను గానీ నా నోరు పెగల్లేదు.

"రేపట్నుంచి బొమ్మలు బంద్" అంది పిన్ని. "ఎవరివైనా సరే."

"నావి కూడానా?"

"మొగుడికో న్యాయం, ఊరికో న్యాయమా?"

బాబాయి మర్నాడు ఆటకి కూర్చోలేదు. ఆ మర్నాడు కుంచెలు కడగడం మొదలుపెట్టాడు. మళ్లీ అటకెక్కించడానికే. జిప్పు పాడైన సంచి ఒకటి వెతికి, "కుట్టక్క దగ్గరికి తోడు రా బాబాయ్" అన్నాను.

కుట్టక్క మిషను ఆపకుండానే మాట్లాడింది. "మూతిదేముంది బాబాయ్, నేనూ మనుషుల్ని వెక్కిరిస్తాను. కానీ ఎదురుగా వెక్కిరిస్తాను. వాడెవడో తెలియకపోతే నేనెవర్ని తిట్టను? గోడనా?"

బాబాయి దారపు ఉండలు పక్కకి జరిపి కూర్చున్నాడు. "నా పేరు పెట్టకుండా నేను ఒక్క బోర్డూ రాయలేదమ్మా. తప్పు రాసిన గోడకి కూడా కింద మూలన పేరుంది. అందుకే కదా ఊరు నన్ను పట్టుకుంది!"

ఇంటికొస్తూనే పిన్నిని నిలబెట్టాడు. "బొమ్మ సొంతంగా చేత్తో గీయాలి. కింద పేరుండాలి. కౌంటర్‌లో చూపించాకే ఎక్కాలి. ఏమంటావు?"

"చూసి ఒప్పుకునేదెవరు?"

"అమ్మలు."

"ఇదా! దాహమేస్తే నీళ్లడగడానికే మొహమాటపడుతుంది, వద్దని చెబుతుందా?" పిన్ని నావైపు తిరిగింది. "సరే. ఒక్క పాడు బొమ్మ దాటిందా, అన్నీ మూసేస్తా. మీ బాబాయివి కూడా."

ఆ సాయంత్రం మొదట వచ్చింది టైర్ల షాపతనే. కాగితం తోశాడు. పంది మూతే, ఈసారి చేత్తో గీశాడు. కొత్త నియమం విని వచ్చిన కుట్టక్క మూడో కంప్యూటర్ దగ్గర కూర్చుని ఉంది. బాబాయి తుడిచిన తెరనే మళ్లీ తుడుస్తున్నాడు.

"కింద పేరు లేదండీ" అన్నాను. నా గొంతు నాకే వినపడలేదు. ఇంకోసారి అన్నాను.

"పేరెందుకమ్మా, సరదాకి గీసింది."

"సరదాకే కదండీ, పెట్టండి."

అతను కుట్టక్క వీపు వైపు చూశాడు. మెడ తుడుచుకున్నాడు. కాగితం వెనక్కి తీసుకుని మూలన కూర్చున్నాడు. పది నిమిషాలకి రెండు కళ్లున్న టైరు బొమ్మ తెచ్చాడు. కింద ఇంత లావున పేరు.

బాబాయి పరుగున వచ్చి చూశాడు. "బొమ్మ బావుందయ్యా. అక్షరాలే, రద్దీ బస్సులో నిలబడ్డట్టున్నాయి. మధ్యలో గాలి ఆడనివ్వాలి. ఇలా రా, కుంచె పట్టుకో."

టైర్ల షాపతను కుంచె పట్టుకుని, తల ఎత్తకుండానే అన్నాడు. "అక్కా, మొన్నటిది నాదే."

"ఇప్పటికి చెప్పావు" అంది కుట్టక్క, హెడ్‌ఫోన్ సర్దుకుంటూ. "ఎదుటి జట్టులోకి రా తమ్ముడూ. అక్కడ మాట్లాడుకుందాం."

ఆ సాయంత్రం అతను పదకొండుసార్లు చచ్చాడు. పదకొండోసారి తన టైరు బొమ్మ కిందే.