పట్టాల సందులో గోధుమలు

1975లో విశాఖపట్నం రేవుకు వచ్చిన ఒక గోధుమల ఓడ మీద పోయినవి ఇవి. నీళ్ళలో పడ్డవి రెండు బస్తాలు. కొక్కేలకు చిరిగినవి ముప్పై ఒకటి. తూకం తగ్గినవి నలభై. నేల మీంచి ఊడ్చి ఎత్తి, మట్టి కలిసిందని పశువుల దాణా కింద రాసినవి పద్నాలుగు. ఇవి కాక, ఒక పాత చీరముక్కలో కట్టిన రెండున్నర కిలోలు. నా వంతుకు వచ్చిన పన్నెండు వేల బస్తాల్లో నష్టం అంతే. మొదటి నాలుగు అంకెల గురించి ఎవరూ నోరు మెదపలేదు. గొడవంతా ఆ చివరి మూట గురించే.

నేను అప్పుడు ఓడ సరుకు దింపే ఒక కంపెనీలో ట్యాలీ క్లర్కుని. ట్యాలీ అంటే లెక్క. క్రేను ఒక విడతలో దింపిన బస్తాలను ఎక్కడికక్కడ గీతలు పెట్టి లెక్కించడమే నా పని. మాది తగరపువలస దగ్గర పల్లె. చదివింది ఎనిమిదో తరగతి. లెక్కలు మాత్రం దుకాణాల్లో, రేవులో నాకు నేనే నేర్చుకున్నాను. ఈ ఉద్యోగంలో ఒక ఇబ్బంది ఉంది. కూలి బస్తాకు ఇంతని కాబట్టి ఎక్కువ గీశానని కంపెనీకి అనుమానం, తక్కువ గీశానని కూలీలకు అనుమానం. అందుకని నా క్యారేజీ పక్కన ఎవరూ క్యారేజీ విప్పేవారు కాదు. ఓడల తాళ్ళు కట్టే ఇనప దిమ్మ ఒకటి ఉండేది. పద్నాలుగేళ్ళు దాని నీడలోనే అన్నం తిన్నాను. మేస్త్రీ అప్పన్న నన్ను ‘గుమస్తా గారూ’ అనేవాడు. ‘బావా’ అన్నాడంటే ఏదో గీత మార్చాలన్నమాట.

ఆ దిమ్మకు అవతలి పక్క కూర్చుని ఒంటరిగా తినే ఇంకొకామె ఉండేది. పేరు సింహాలు. రంగూన్‌లో పుట్టింది. అక్కడి నుంచి మనవాళ్ళను పంపేసినప్పుడు మొగుడితో వచ్చి బర్మా క్యాంపులో దిగింది. మొగుడు పోయాడు. నేల ఊడ్చే ముఠాలో రోజుకూలి. ఊడ్చి ఎత్తిన గింజలను మేము స్వీపింగ్స్ అంటాం. ముఠా ఆడవాళ్ళంతా ఒక గుంపుగా నవ్వుకుంటూ ఊడ్చేవారు. సింహాలు చీపురు మాత్రం ఎప్పుడూ చివర్న ఉండేది.

ఆ రోజు మధ్యాహ్నం గేటు దగ్గర కాపలావాడు ఆమె మూట విప్పించాడు. అప్పన్న ఆమెనూ మూటనూ నా ముందుకు తెచ్చాడు. వెనకాలే ముఠా వచ్చింది.

“సూడు బావా, దొంగసొత్తు!”

“ఏటే, మీ రంగూన్లో ఇలాగే సేసీవోరా?” అని వెనక నుంచి ఒకామె అంది. అందరూ నవ్వారు.

సింహాలు నవ్వుల వైపు చూడలేదు. నాతోనే చెప్పింది. “ఈల్లందరూ ఊడిసేసి ఎల్లిపోనాక పట్టాల సందులో పుల్లెట్టి గీకినాను బాబూ. బస్తా ముట్టనేదు. సింహాద్రప్పన్న మీదొట్టు.”

“ఒట్లు మాకెందుకే? పిల్ఫరేజీ అని రాసీ బావా. పాసు లాగేత్తారు. మనోల్లకే పని నేదు, ఈల్లొకల్లు!”

పిల్ఫరేజీ అంటే దొంగతనంగా పోయిన సరుకు. నష్టాల కాగితంలో దానికో గడి ఉంటుంది. అందులో అంకె పడితే మనిషి పేరు పడాలి. పేరు పడితే రేవులోకి వచ్చే పాసు పోతుంది. పాసు పోతే సింహాలుకు ఈ ఊళ్ళో ఇంక పని లేదు. ఆమె చేతులు చీపురు కట్టను నలుపుతూనే ఉన్నాయి.

ఆ కాగితం మీద సంతకం పెట్టాల్సింది నేను కాదు, ఇన్సూరెన్సు తరఫున మద్రాసు నుంచి వచ్చిన సర్వేయరు ఎలియాస్ గారు. అరవై దాటిన మనిషి. కొచ్చిన్‌లో పుట్టిన యూదుడు. అయినవాళ్ళంతా ఎప్పుడో ఇజ్రాయెల్ వెళ్ళిపోయారు. వాళ్ళ ప్రార్థన మొదలుపెట్టాలంటే పదిమంది మగవాళ్ళు ఉండాలట, మద్రాసులో తను ఒక్కడేనని ఒకసారి నాతో అన్నాడు. ఇంగ్లీషులో నెమ్మదిగా మాట్లాడేవాడు, నాకు అర్థం కావాలని.

అందరం మూటతో ఆయన దగ్గరికి వెళ్ళాం. ఆయన మూటలో చెయ్యి పెట్టి గుప్పెడు తీశాడు. గింజలన్నీ క్రేను పట్టాల గ్రీజు అంటి నల్లగా ఉన్నాయి.

“ముఠా ఊడ్చి వెళ్ళాక తీసిందా?”

“అవును సార్. పట్టాల సందులోవి. బస్తాలో గింజలకి గ్రీజు అంటదు.”

“అయితే ఇది నష్టం కాదు.”

“దానం అని రాయమంటారా?” అని అడిగాను.

“మనది అయితే కదా దానం ఇవ్వడానికి!” అన్నాడు. అక్కడే ఒక బస్తా మీద కూర్చుని చెప్పాడు. వాళ్ళ ప్రాచీన గ్రంథంలో రైతుకు ఒక చట్టం ఉందట. పొలం అంచుల దాకా కొయ్యకూడదు. కోసేటప్పుడు రాలిన వెన్నును మళ్ళీ వంగి ఏరుకోకూడదు. పొలంలో మరిచిపోయిన పంటకట్ట కోసం వెనక్కి వెళ్ళకూడదు. అవి పరదేశికీ, తండ్రిలేని బిడ్డకూ, విధవరాలికీ చెందుతాయి. పరదేశి కూలివాడైతే పొద్దు గుంకేలోగా కూలి ఇచ్చెయ్యాలి.

నేను తెలుగులో చెబుతుంటే అప్పన్న మధ్యలో అందుకున్నాడు. “అదేటి బాబూ, అన్నీ పరాయోల్లకేనా? మరి మావోల్లు ఏటి తినాల?”

“అక్కడ పుట్టినవాడికీ వచ్చినవాడికీ ఒకటే చట్టం అని కూడా ఉంది. మీ వాళ్ళనూ ఏరుకోమను,” అన్నాడు ఎలియాస్ గారు. “అన్ని పేజీలూ ఇంత చల్లగా ఉండవు. వ్యాపారానికి వచ్చిపోయే విదేశీ దగ్గర వడ్డీ తీసుకోవచ్చు. పక్క జాతుల్ని తుడిచిపెట్టమన్న పేజీలూ ఉన్నాయి. కానీ వచ్చి మన మధ్య బతుకుతున్నవాణ్ణి బాధపెట్టొద్దని మాత్రం గ్రంథం మళ్ళీ మళ్ళీ చెప్పింది. ఎన్నిసార్లో మా పెద్దలు లెక్కపెట్టారు. ముప్పై ఆరని కొందరు, నలభై ఆరని కొందరు.”

“పది తేడానా సార్? మా కంపెనీలో అయితే సంజాయిషీ అడుగుతారు.”

ఆయన గట్టిగా నవ్వాడు. ఆ మనిషి నవ్వడం చూసింది ఆ ఒక్కసారే. తరవాత అన్నాడు: “కారణం కూడా రాసి ఉంది. మీరూ ఒకప్పుడు ఈజిప్టులో పరదేశులే, పరదేశి మనసు ఎలా ఉంటుందో మీకు తెలుసు అని.”

సింహాలుకు ఆ మాట చెప్పాను. ఆమె చీపురు కింద పెట్టింది. “రంగూన్లో తెలుగోల్లమని మమ్మల్ని కోరంగీలనీవోరు బాబూ. ఇక్కడికొత్తే బర్మావోల్లంటన్నారు. మరి నాను ఏ ఊరుదాన్ని?”

ముఠాలో ఈసారి ఎవరూ నవ్వలేదు. వాళ్ళలో రంగూన్ వెళ్ళినవాళ్ళు లేని ఇల్లు ఉండదు. మా ఇల్లూ అంతే. మా నాన్న యుద్ధానికి ముందు అక్కడి బియ్యం మిల్లులో పని చేశాడు. వెళ్ళిన కొత్తలో పని దొరకని నెలల్లో మిల్లు రేవు మీద రాలిన నూకలు ఏరుకుని వండుకున్నాడట. ఒక బర్మా ముసలమ్మ తను ఊడ్చే చోట్లో కొంచెం పక్కకు జరిగి నాన్నకి జాగా ఇచ్చిందట. రంగూన్ గురించి మా నాన్న చెప్పింది ఆ ఒక్క సంగతే.

ఎలియాస్ గారు పిల్ఫరేజీ గడిలో సున్నా పెట్టాడు. రెండున్నర కిలోలను దింపుడులో సహజంగా పోయే తరుగులో కలిపాడు. ప్రతి ఓడకూ అలాంటి తరుగు ఉంటుంది కాబట్టి నా లెక్కా కుదిరింది. మూట సింహాలు చేతికి వెళ్ళింది. పాసు ఆమె దగ్గరే ఉంది.

మూట ఇచ్చేశాక నాకు ఒక సందేహం వచ్చింది. “పొలం అంచు అంటే ఎంత సార్? ఎన్ని మూరలు?”

“గ్రంథంలో కొలత లేదు.”

“లేకపోతే ఎలా? ఒకడు ఒక్క వెన్ను వదిలి సరే అంటాడు.”

“అందుకే పెద్దలు తరవాత ఒక హద్దు పెట్టారు. అరవైలో ఒక వంతుకి తగ్గకూడదని. పైకి మాత్రం హద్దు లేదు.”

ఆయన మళ్ళీ వైజాగ్ రాలేదు. చెల్లెలి దగ్గరికి ఇజ్రాయెల్ వెళ్ళిపోయాడని తరవాతి సర్వేయరు చెప్పాడు. అక్కడివాళ్ళు ఆయన్ని ఏ ఊరివాడివని అడిగి ఉంటారో!

సింహాలు ఆ తరవాత కూడా దిమ్మకు అవతలే కూర్చుని తినేది. నేను ఇవతల. ఒకటి రెండుసార్లు ఎండు చేపల ముక్క ఆకులో పెట్టి దిమ్మ మీద ఉంచింది. నేను తిన్నాను. మాట్లాడుకోవడం మా ఇద్దరికీ అలవాటు లేదు. కొన్నేళ్ళకు గోధుమల ఓడలు తగ్గాయి, ఊడ్చే ముఠాను తీసేశారు. క్యాంపులో అడిగితే మద్రాసు వైపు వెళ్ళిందన్నారు, ఇంకొకరు కాదన్నారు. దిమ్మకు అవతలి పక్క ఇంకెవరూ కూర్చోలేదు.

సరుకును బస్తాకు బస్తా అప్పగిస్తే లెక్క ముగిసిందని అంతవరకూ నమ్మాను. మనది కాని కొంత ప్రతి సరుకులోనూ ఉంటుందని, దాన్ని కూడా అప్పగించాలని ఆ ఓడ మీద తెలిసింది. ఓడ పొలం కాదు, నేను రైతును కాను, నిజమే. కానీ అంకె కనిపిస్తే లెక్క కట్టకుండా ఉండలేను. పన్నెండు వేలలో అరవయ్యో వంతు రెండు వందలు. ఇచ్చింది ఒక మూట. ఇంకా బాకీ ఉన్నది రెండు వందల బస్తాలు, అందులో రెండున్నర కిలోలు తక్కువ.