శోకం పెట్టని అక్క

ఇది ఇంతకాలం రాయకపోవడానికి కారణం ఒకటే, నాకు అక్షరాలు రాకపోవడం. యాభై దాటాక చర్చి వెనక గదిలో పలక పట్టాను. అంతకుముందు ఊళ్లో ఉన్న అమ్మకు ఉత్తరం పంపాలంటే పక్కింటి టీచరమ్మ రాసిపెట్టేది. జ్వరాలు, పెళ్లిళ్లు అలా రాయించవచ్చు. ఈ సంగతి రాయించలేకపోయాను. ఇప్పుడు రాయడం వచ్చింది, అమ్మ లేదు.

చెల్లి, నేను పట్నం వచ్చి నాచారంలో మందుల కంపెనీలో సీసాలు కడిగేవాళ్లం. ఎనభైల్లో ఒక ఎండాకాలం దానికి కామెర్లు వచ్చి పన్నెండు రోజులకే పోయింది.

అప్పటికి మేమిద్దరం కొత్తగా బాప్తిస్మం తీసుకున్నాం. అమ్మ తీసుకోలేదు. శవం ఇంట్లో ఉండగానే సంఘపెద్ద నన్ను పక్కకు పిలిచాడు.

“గట్టిగ ఏడ్వకు బిడ్డా. బస్తీ అంతా సూస్తున్నది. వీళ్ల దేవుడేం జేసిండు అంటరు. పాట పాడు.”

మా ఊళ్లో చావింటికి వచ్చిన ఆడవాళ్లు ఒకరి మెడ ఒకరు పట్టుకుని, పోయినవాళ్ల బతుకంతా చెప్పుకుంటూ శోకం పెడతారు. మధ్యాహ్నం అమ్మ వస్తూనే నా మెడ మీద పడింది.

“నా చిన్న బిడ్డేదే? నీ చేతిల వెడ్తిని గదనే!”

తర్వాతి మాట నేను అందుకోవాలి. ఏడుపు బిగబట్టి, సంఘంవాళ్లతో కలిసి పాట పాడాను. అమ్మ చేతులు నా మెడ మీంచి జారిపోయాయి.

సమాధి చేసి వచ్చాక, అమ్మతో వచ్చిన మేనత్త ఊరుకోలేదు. “పట్నం నీళ్లు మంచిగనే వడ్డయి తల్లీ! కండ్లల్ల తడి గుడ లేదు.”

అమ్మ నేను పెట్టిన అన్నం ముట్టలేదు.

ఎవరి దుఃఖం వారిదే అంటారు. కాదని నాకు ఆ రోజే తెలిసింది. అమ్మకు కావలసింది ఓదార్పు కాదు, తనతోపాటు ఏడ్చే గొంతు. లోపల ఎంత మండినా నేను దాన్ని ఆమెకు ఇవ్వలేదు. నా నిబ్బరాన్ని సంఘమంతా మెచ్చుకుంది. బిడ్డను పోగొట్టుకున్న మనిషి మాత్రం ఆ ఇంట్లో ఒంటరిగా ఏడ్చింది.

తెల్లారి లేచేసరికి అమ్మ చాప చుట్టి ఉంది. మేనత్తతో కలిసి మొదటి బస్సుకు బయలుదేరిందట. ఉప్పల్ దాకా పరుగెత్తాను. బస్సు వెళ్లిపోయింది. ఆగే చోట కూలబడ్డాను. మెడ పట్టుకోవడానికి ఎవరూ లేక నా మోకాళ్లే పట్టుకుని, చెల్లి పుట్టిన రోజు నుంచి మొదలుపెట్టి, గొంతెత్తి శోకం పెట్టాను.